శబ్దం తగ్గాలి, బరువు పెరగకూడదు: ఒక స్నోమొబైల్ సైలెన్సర్ కేసు

ఈ కేసులోని బండి 800 సీసీ తరగతికి చెందిన మౌంటెన్ రకం స్నోమొబైల్, అంటే ముందు స్కీలు, కింద రబ్బరు ట్రాక్‌తో కొండల మంచులో నడిచే బండి. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజను, పొడవాటి ట్రాక్. మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన, లేక్ సుపీరియర్‌లోకి చొచ్చుకుపోయిన కీవెనా ద్వీపకల్పంలో ఉంటుంది మా వర్క్‌షాపు. బండిని తెచ్చిన పెద్దమనిషి దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పాత యజమాని కంపెనీ సైలెన్సర్ ఊడదీసి, దాని స్థానంలో ఒక రేసింగ్ డబ్బా బిగించి నడిపాడు. అసలుది ఏమైందో అమ్మినవాడికే గుర్తు లేదు.

కొత్త యజమానికి ఇబ్బంది రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి, ట్రయల్ (స్నోమొబైళ్లు నడిచే మంచు బాట) మీద అధికారి ఆపి, మీటరు పెట్టి కొలిచి, హెచ్చరిక చేసి పంపారు. రెండోది అంతకంటే గట్టిది. ఆయన ఇంటి నుంచి స్నోమొబైల్ క్లబ్బు ట్రయల్ ఎక్కే దారి ఒక రైతు పొలం అంచున పోతుంది. రాత్రిపూట ఈ బండి వెళ్తుంటే కిటికీ అద్దాలు అదురుతున్నాయనీ, ఇలాగే సాగితే వచ్చే ఏడాది దారి మూసేస్తాననీ ఆ రైతు క్లబ్బుకు కబురు పెట్టాడు. ఇక్కడి ట్రయళ్లలో చాలా భాగం ప్రైవేటు భూముల గుండా, యజమానుల అనుమతి మీద నడుస్తుంది. ఒక్క రైతు గేటు వేస్తే ట్రయల్ అక్కడితో తెగిపోతుంది. కెనడాలోని క్యూబెక్‌లో ఇంకా పెద్ద ముచ్చట జరిగింది. లొరెన్షియన్ కొండల్లోని పెటి ట్రాన్ ద్యు నోర్ బాట పక్కన ఇళ్లున్నవాళ్లు శబ్దం, పొగ భరించలేక దావా వేస్తే, 2004లో అక్కడి సుపీరియర్ కోర్టు ఆ బాటలో ఒక భాగం మీద స్నోమొబైళ్లను నిషేధించింది. కాబట్టి రైతు మాటను క్లబ్బు తేలిగ్గా తీసుకోలేదు.

మరి కొత్త కంపెనీ సైలెన్సర్ కొని బిగిస్తే సరిపోదా? అదే మొదట చెప్పాం. ఆయన ఒప్పుకోలేదు. ఏటా చలికాలంలో పడమటి కొండలకు వెళ్లి లోతైన పొడి మంచులో నడుపుతారు. ఆయన కోరిక ఒక్క వాక్యంలో: "మీటరు ఊరుకోవాలి, పొరుగాయన ఊరుకోవాలి, నేను మాత్రం ఆ ఇనప పెట్టె మళ్లీ మోయను."

బరువు సంగతి ముందే తేల్చాలి. ఈ తరగతి బండి పొడి బరువు దాదాపు 200 కిలోలు. అందులో మూడో నాలుగో కిలోలు తగ్గితే తెలుస్తుందా అంటే, చదునైన ట్రయల్ మీద ఎవరికీ తెలియదు; తెలిసిందని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. కానీ సైలెన్సర్ కూర్చునే చోటు వేరు. ముందు భాగంలో, ఇంజనుకు కుడి పక్కన, స్కీలకు దగ్గరగా ఉంటుంది. కొండవాలుకు అడ్డంగా బండిని ఒక స్కీ మీద నిలబెట్టి నడిపేటప్పుడు, లోతైన మంచులో ముక్కు దిగబడిపోతున్నప్పుడు, అక్కడ తగ్గిన బరువు వెనక సీటు కింద తగ్గినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఆయన నడిపే తీరుకు ఆ కోరిక అర్థమున్నదే.

చట్టం కొలిచేది ఏమిటి

మిషిగన్ చట్టంలో రెండు కొలతలున్నాయి. ఒకటి ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల ప్రమాణాల సంస్థ) జే192 పద్ధతి: బండి పూర్తి థ్రాటిల్‌తో దూసుకుపోతుంటే 50 అడుగుల దూరంలో 78 డెసిబెల్స్ దాటకూడదు. ఫ్యాక్టరీలు బండిని ధ్రువీకరించుకునేటప్పుడూ ఈ పరీక్ష వాడతాయి. రెండోది ఎస్‌ఏఈ జే2567: నిలబెట్టిన బండి, ఇంజను 4,000 ఆర్‌పీఎం, మైకు 4 మీటర్ల దూరంలో, పరిమితి 88 డెసిబెల్స్. ట్రయల్ మీద అధికారి చేయగలిగేది ఈ రెండో పరీక్షే. కొలిచే దూరం మారితే అంకె ఎంత మారుతుందో తెలియకపోతే కేటలాగు చదివేటప్పుడు తికమకపడతాం. బయటి ప్రదేశంలో దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 4 మీటర్ల దగ్గర 88 ఉన్న శబ్దం 50 అడుగుల దగ్గర, అంటే 15.2 మీటర్లకు, సుమారు 76 అవుతుంది. "మా సైలెన్సర్ 80 డెసిబెల్స్ మాత్రమే" అని రాసినవాడు ఎంత దూరం నుంచి, ఏ ఆర్‌పీఎంలో కొలిచాడో రాయకపోతే ఆ అంకె పెట్టె మీది రంగుతో సమానం.

ఒక పక్కమాట. ఈ బండికి మంచి సైలెన్సర్ వేస్తే ఎల్లోస్టోన్‌కు తీసుకెళ్లవచ్చా అని ఆయన మధ్యలో అడిగారు. కుదరదు. ఆ జాతీయ పార్కులోకి వెళ్లాలంటే శబ్దం, పొగ రెండింటిలోనూ పార్కు ఆమోదించిన మోడళ్ల జాబితాలోని బండే కావాలి. టూ-స్ట్రోక్ మౌంటెన్ బండికి బయటి సైలెన్సర్ మార్చి ఆ జాబితాలోకి రాలేం.

ముందు బండిని బాగుచేయడం

కొత్త సైలెన్సర్ గురించి ఆలోచించే ముందు, వచ్చిన బండి వచ్చినట్టే ఎంత శబ్దం చేస్తుందో కొలిచాం. జే2567 ప్రకారమే 4 మీటర్లు, 4,000 ఆర్‌పీఎం. 95 డెసిబెల్స్. అదే కొలతను సీ-వెయిటింగ్‌లోనూ, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ మోతను తగ్గించకుండా చూపే మీటరు అమరికలోనూ తీసుకున్నాం. అది ఎందుకో తర్వాత చెబుతాను. 104 వచ్చింది.

కుడి పక్క ప్యానెల్ తీసి చూస్తే కథ సగం అక్కడే కనిపించింది. ట్యూన్డ్ పైపు (ఇంజనుకూ సైలెన్సర్‌కూ మధ్యనుండే ఎగ్జాస్ట్ పైపు) చివర సైలెన్సర్‌లోకి దిగే గుండ్రటి జాయింటు చుట్టూ నల్లటి నూనె చార. టూ-స్ట్రోక్ ఎగ్జాస్ట్‌లో కాలని ఆయిల్ ఉంటుంది కాబట్టి ఎక్కడ వాయువు కారుతుందో అక్కడ నల్లగా ముద్ర వేస్తుంది. వెతకాల్సిన పనే లేదు. జాయింటును పట్టి ఉంచే స్ప్రింగుల్లో ఒకదాని చుట్టలు సాగి, మధ్య మధ్య సందులు తేలి ఉన్నాయి. వేలితో లాగితే ప్రతిఘటనే లేదు. గాస్కెట్ ఒక పక్క అరిగి పలుచబడింది. స్ప్రింగులు, గాస్కెట్ మార్చగానే 94కు దిగింది.

తర్వాత బానెట్ లోపలి వైపు చూశాం. కంపెనీ అక్కడ శబ్దాన్ని పీల్చే ఫోమ్ పలకలు అతికిస్తుంది. ఇక్కడ జిగురు మరకలు మాత్రమే మిగిలాయి. పాత యజమాని బరువు తగ్గించడానికి అవి కూడా పీకేశాడు! కొన్ని వందల గ్రాముల కోసం. వేడికి తట్టుకునే ఫోమ్ కొత్తది కోసి అతికించాక 93. ఈ రెండు పనులు కలిపి 2 డెసిబెల్స్. తక్కువే అనిపిస్తుంది గానీ, ఇవి చేయకుండా సైలెన్సర్లు పోల్చి ఉంటే ప్రతి కొలతలోనూ జాయింటు కారడం, బానెట్ గుండా వచ్చే మోత కలిసిపోయి, ఏ సైలెన్సర్ ఎంత పనిచేస్తోందో తెలిసేది కాదు. శబ్దం గురించి బండి తెచ్చిన ఎవరికైనా మా దగ్గర మొదటి పని ఇదే.

పరిమాణం తగ్గిస్తే ఏం పోతుంది

ఈ భాగం కొంచెం నెమ్మదిగా చదవాలి. ఎంపికంతా దీని మీదే నిలబడింది.

రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజనులో ప్రతి సిలిండరూ ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది. 4,000 ఆర్‌పీఎంలో అది సెకనుకు 133 పేలుళ్లు, అంటే 133 హెర్ట్జ్. పూర్తి శక్తితో 8,000 ఆర్‌పీఎంలో 267 హెర్ట్జ్. ఎగ్జాస్ట్ వాయువు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనుకుంటే దానిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 520 మీటర్లు. 133 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు దాదాపు 3.9 మీటర్లు. ఇంత పొడవు తరంగాన్ని మనం 30 సెంటీమీటర్ల డబ్బాతో అణచాలనుకుంటున్నాం.

డబ్బా రెండు విధాలుగా పనిచేస్తుంది. మొదటిది చాంబర్ పద్ధతి. సన్న గొట్టంలోంచి వచ్చిన తరంగం ఒక్కసారిగా వెడల్పాటి గదిలోకి వస్తే కొంత వెనక్కి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో గది అడ్డుకోత వైశాల్యం గొట్టం వైశాల్యానికి ఎన్ని రెట్లుందో దాని మీద, గది పొడవు మీద ఆధారపడుతుంది. లెక్క కట్టి చూపిస్తాను. గొట్టం వ్యాసం 50 మిల్లీమీటర్లు, గది వ్యాసం 150 మిల్లీమీటర్లు, పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం తొమ్మిది రెట్లు. 133 హెర్ట్జ్ దగ్గర ఈ ఒక్క గది సుమారు 7 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 267 దగ్గర దాదాపు 11.5. ఇప్పుడు అదే పొడవులో గది వ్యాసాన్ని 106 మిల్లీమీటర్లకు కుదిద్దాం. వైశాల్యం సగమైంది, డబ్బా చూడ్డానికి ముచ్చటగా ఉంది, బరువూ తగ్గింది. 133 దగ్గర ఇక మిగిలేది 3 డెసిబెల్స్. 267 దగ్గర 6. నిజం సైలెన్సర్‌లో గదులు ఎక్కువ, మధ్యలో బాఫిల్స్ (అడ్డు పలకలు), అడ్డు గొట్టాలు ఉంటాయి. అంకెలు మారతాయి గానీ దిశ మారదు. కింది స్థాయి మోతను, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని, ఆపేది ఖాళీ జాగా. దానికి బదులుగా పనిచేసే లోహం ఏదీ లేదు.

రెండోది ప్యాకింగ్ పద్ధతి. చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ లాంటి పీచు కూరుతారు. ధ్వని ఆ పీచులో రాపిడికి వేడిగా మారి అణగిపోతుంది. ఇది తేలిక, వాయువుకు అడ్డు తక్కువ, ఎగువ స్థాయి (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) శబ్దాల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కింది స్థాయి మీద మాత్రం దాదాపు పనిచేయదు, ఎందుకంటే అంత పొడవు తరంగం ముందు రెండు మూడు సెంటీమీటర్ల పీచు మందం లెక్కలోకి రాదు.

ఇప్పుడు సీ-వెయిటింగ్ సంగతి. చట్టం మీటరు ఏ-వెయిటింగ్‌లో కొలుస్తుంది. మనిషి చెవి కింది స్థాయిని తక్కువగా వింటుంది కాబట్టి ఏ-వెయిటింగ్ దాన్ని తగ్గించి చూపుతుంది: 125 హెర్ట్జ్ దగ్గర సుమారు 16 డెసిబెల్స్, 250 దగ్గర 9 వరకు తీసేస్తుంది. సీ-వెయిటింగ్ ఆ స్థాయిలో దాదాపు ఏమీ తీయదు. కాబట్టి ప్యాకింగ్ మీద ఆధారపడిన తేలిక డబ్బా ఎగువ శబ్దాలను పీల్చేసి మీటరు దగ్గర సుఖంగా గట్టెక్కుతుంది. దాని కింది మోత మాత్రం చెట్ల గుండా, గోడల గుండా పోయి రైతు కిటికీని అదిలిస్తుంది. రైతు ఫిర్యాదులో కిటికీ అన్న మాట వినగానే సీ-వెయిటింగ్ కూడా తీయాలని అనుకున్నాం.

పోటీలో నిలిచినవి

ముందు పోల్చడానికి కొలమానం ఒకటి కావాలి. అదే మోడల్ బండి ఉన్న మరో కస్టమర్ నుంచి కంపెనీ సైలెన్సర్ అరువు తెచ్చి బిగించాం. 7.6 కిలోలు, ఏ-వెయిటింగ్‌లో 83, సీ-వెయిటింగ్‌లో 93. రేసింగ్ డబ్బా బరువు 1.9 కిలోలు. మా వెతుకులాట ఈ రెండింటి మధ్య.

మొదటి అభ్యర్థి టైటానియంతో చేసిన చిన్న డబ్బా, పూర్తిగా ప్యాకింగ్ రకం, 2.1 కిలోలు. టైటానియం సాంద్రత 4.5, స్టెయిన్‌లెస్ స్టీలుది 7.9 దగ్గర, ఒకే మందం రేకు అయితే బరువు సగం కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే ముద్దొస్తుంది, ఆ నీలి ఊదా రంగు వెల్డింగులు చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. ఏ-వెయిటింగ్‌లో 87.5 వచ్చింది. చట్టం ప్రకారం గట్టెక్కినట్టే. సీ-వెయిటింగ్ మాత్రం 101.

రెండోది స్టెయిన్‌లెస్ స్టీలు, ఒకే గది, దాని వెనక కొంత ప్యాకింగ్, 3 కిలోలు. ఏ 89, సీ 98. ఇది రెంటికీ చెడ్డ రేవడి. తేలికా కాదు, నిశ్శబ్దమూ కాదు, చట్టం గీత కూడా దాటింది. దీన్ని గురించి ఇంతకంటే రాయడం అనవసరం.

మూడోది కూడా స్టెయిన్‌లెస్ స్టీలే, పలుచటి రేకు. పరిమాణం కంపెనీ దానికి చాలా దగ్గర. లోపల మూడు గదులు, చివరి గది గోడకు మాత్రం పలుచటి ప్యాకింగ్ పొర. 4.3 కిలోలు. ఏ 85, సీ 95.

సైలెన్సర్ తయారీదారుల్లో కొందరు ఒకే మోడల్‌కు ట్రయల్ రకం, రేస్ రకం అని రెండు అమ్ముతారు. మూడోది అలాంటి ట్రయల్ రకం. మన కుర్రాళ్లు సాధారణంగా పేరు చూసి రేస్ రకం వైపు చేయి చాపుతారు. కానీ ఫ్యూయల్ ఇంజెక్షన్ మ్యాపు (ఎప్పుడు ఎంత ఇంధనం పంపాలో చెప్పే పట్టిక) మార్చని బండిలో రేస్ డబ్బా ఇచ్చే అదనపు శక్తి, మనిషి జాకెట్ మార్చుకుంటే వచ్చే బరువు తేడా కంటే గొప్పగా ఏమీ ఉండదు. టూ-స్ట్రోక్‌లో శక్తిని నిర్ణయించేది ముఖ్యంగా ట్యూన్డ్ పైపు. దాని వెడల్పయ్యే భాగం వెనక్కి పంపే పీడనం తగ్గిన తరంగం సిలిండరును ఖాళీ చేస్తుంది. ముడుచుకునే భాగం నుంచి తిరిగొచ్చే పీడన తరంగం, ఎగ్జాస్ట్ పోర్టు మూతపడేలోపు, బయటికి జారిన తాజా మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. ఈ తంతు అంతా సైలెన్సర్ కంటే ముందే ముగిసిపోతుంది.

పాత ప్యాకింగ్ చెప్పిన సంగతి

ఏ-వెయిటింగ్ మాత్రమే చూస్తే టైటానియం డబ్బాదే గెలుపు. 5.5 కిలోల ఆదా, 88 లోపల. యజమాని కూడా దాన్నే పట్టుకు కూర్చున్నారు. అప్పుడు అదే డబ్బాను రెండు చలికాలాలు వాడిన ఒక రైడర్‌ను అడిగి, ఆయనది తీసుకొచ్చి ఇదే బండికి బిగించి కొలిచాం.

ఏ-వెయిటింగ్‌లో 91. సీ-వెయిటింగ్‌లో 101.5.

ఈ రెండు అంకెల్ని పక్కపక్కన చూస్తే లోపల ఏం జరిగిందో తెరవకుండానే తెలుస్తుంది. సీ దాదాపు కదల్లేదు, అంటే కింది మోత మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. ప్యాకింగ్ దాన్ని ఎప్పుడూ ఆపలేదు. ఏ పెరిగింది, అంటే ఎగువ శబ్దాలను పీల్చే పీచు పని మానేసింది. తూకం వేస్తే కొత్తదానికంటే 300 గ్రాములు ఎక్కువ తూగింది. ఆ బరువంతా పీచు తాగిన ఆయిలే. యజమాని ఒప్పుకోగానే రివెట్లు తొలిచి మూత తీశాం. పీచు తెల్లగా ఉండాల్సింది తారులా నల్లగా, బంకగా అయిపోయి చిల్లులను పూడ్చేసింది. వాయువు లోపలికి వచ్చే కొస దగ్గర పీచు కాలిపోయి, అరచేయంత మేర చిల్లుల గొట్టం బోసిగా కనిపించింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ చిల్లుల గుండా అవతల రేకు లోపలి గోడ కనిపించింది. పాత పీచు తీసి కొత్తది కూరి బిగించాక మళ్లీ 88 దగ్గరికి వచ్చింది.

ప్యాకింగ్ డబ్బా చెడ్డదని నేను అనను. ఏడాదికోసారి తెరిచి పీచు మార్చే ఓపిక ఉన్న రైడర్‌కు, ఎవరి ఇల్లూ లేని కొండల్లో మాత్రమే నడిపేవాడికి అది సరైన వస్తువే. ఈ యజమాని తన మాటల్లోనే "సీజను మధ్యలో బానెట్ కూడా ఎత్తను" అన్నారు. పైగా ఆయన పొరుగాయన సమస్య సీ-వెయిటింగ్‌లో ఉంది, ఆ 101 ఎన్నిసార్లు పీచు మార్చినా దిగదు.

టైటానియం పలుచటి గోడ గురించి ఇంకో మాట. రేకు ఎంత పలుచనైతే అదే అంతగా కంపించి, లోపలి శబ్దాన్ని తన గోడ గుండానే బయటికి పంపుతుంది. నోటి దగ్గర కొలిచిన శబ్దం బాగున్నా పక్కన నిలబడితే ఒక రేకు మోత వినిపిస్తుంది. మూడో అభ్యర్థిలో కూడా ఇది కొంత ఉంది. తయారీదారు డబ్బా చుట్టూ గాడులు నొక్కి గోడను బిగువుగా చేయడంతో భరించేలా ఉంది.

దూసుకుపోయే పరీక్ష

నిలబెట్టి కొలిచిన అంకె ఒక్కదాని మీద నిర్ణయించడం నాకు ఇష్టం లేదు. 4,000 ఆర్‌పీఎంలో థ్రాటిల్ కొంచెమే తెరిచి ఉంటుంది. ఇంజను మీద భారం లేదు. అందుకని గట్టిపడిన మంచు మీద 50 అడుగుల దూరంలో మైకు పెట్టి, పూర్తి థ్రాటిల్‌తో మూడు సైలెన్సర్లనూ నడిపించాం. మా స్థలం జే192 కోరేంత పక్కాగా లేదు, కాబట్టి ఈ అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికే వాడాం: కంపెనీది 76, మూడో అభ్యర్థి 77.5, టైటానియం 81.

ఇక్కడ ఆసక్తికరమైన సంగతి మొదటి రెండింటి మధ్య తేడా. నిలబెట్టినప్పుడు 2 ఉన్నది, పరుగులో 1.5కు తగ్గింది. పరుగులో ఎగ్జాస్ట్ ఒక్కటే శబ్దం చేయదు. ట్రాక్ రబ్బరు పళ్లు మంచును కొట్టే చప్పుడు, గాలి పీల్చే ఇన్‌టేక్, గొలుసు పెట్టె, క్లచ్ అన్నీ కలుస్తాయి. ఇవన్నీ కలిపి 73.5 ఉన్నాయనుకుంటే, 76కు చేరడానికి కంపెనీ ఎగ్జాస్ట్ వాటా 72.4, 77.5కు చేరడానికి మూడోదాని వాటా 75.3. ఎగ్జాస్ట్‌లో 3 డెసిబెల్స్ తేడా మొత్తంలో సగానికి పడిపోయింది. అంటే ఒక హద్దు దాటాక సైలెన్సర్ మీద ఇంకా కిలోలు పెట్టడం వృథా. మిగిలిన మోత వేరే చోట నుంచి వస్తోంది. హోటన్‌లో మిషిగన్ టెక్ ఆతిథ్యమిచ్చిన ఎస్‌ఏఈ క్లీన్ స్నోమొబైల్ పోటీలు చూసినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. విద్యార్థి జట్లు ఎగ్జాస్ట్‌తో ఆగకుండా ట్రాక్, ఇన్‌టేక్, ప్యానెళ్ల మీద కూడా కుస్తీ పట్టేవి.

నిర్ణయం, మిగిలిన రెండు కిలోలు

మూడోదాన్నే సిఫారసు చేశాం. కంపెనీదానికంటే 3.3 కిలోలు తక్కువ. టైటానియంతో పోలిస్తే 2.2 కిలోలు ఎక్కువ. యజమాని ముఖం ఆ 2.2 దగ్గర ఆగిపోయింది.

బండికి ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉంది, లెడ్-యాసిడ్ బ్యాటరీ తూకం వేస్తే 6 కిలోల దగ్గర తూగింది. దాని బదులు సరిపడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 2 కిలోల దగ్గర ఉంటుంది. ఒక్క డెసిబెల్ కూడా పెరగకుండా 4 కిలోలు. తేలిక కోసం సైలెన్సర్ వైపు పరుగెత్తేవాళ్లు బ్యాటరీని ఎందుకు చూడరో నాకు ఎప్పుడూ అర్థం కాదు. బహుశా బ్యాటరీ ఎవరికీ కనిపించదు కాబట్టి. ఒక్క జాగ్రత్త: బాగా చలిగా ఉన్న పొద్దున లిథియం బ్యాటరీ మొదటి ప్రయత్నంలో నీరసంగా ఉంటుంది. హెడ్‌లైటు లాంటి చిన్న భారం కాసేపు వేసి, బ్యాటరీ లోపల వెచ్చబడ్డాక స్టార్టర్ నొక్కాలి. లాగుడు తాడు ఎలాగూ ఉంది.

ఆయన ఒప్పుకున్నారు.

బిగింపు

కొనే ముందే చూసుకోవాల్సినవి మూడున్నాయి, వీటిలో ఏది తప్పినా మంచి సైలెన్సర్ కూడా ఆ బండికి పనికిరాదు. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత సెన్సర్ కొన్ని మోడళ్లలో పైపు మీద, కొన్నింటిలో సైలెన్సర్ మీద ఉంటుంది. సైలెన్సర్ మీద ఉండే మోడల్ అయితే కొత్తదానిలో అదే చోట సెన్సర్ బిగించే మర ఉండాలి. వేరే చోట ఉంటే కంప్యూటర్ తప్పు ఉష్ణోగ్రత చదివి ఇంధనాన్ని తప్పుగా సరిచేస్తుంది. రెండోది లోపలికి వచ్చే గొట్టం వ్యాసం. ట్యూన్డ్ పైపు చివరి సన్న గొట్టం పైపులోని పీడనాన్ని నిర్ణయిస్తుంది. సైలెన్సర్ లోపలి గొట్టం దానికంటే ఇరుకైతే పీడనం పెరిగి పిస్టన్ వేడెక్కుతుంది. మేం రెండింటినీ కాలిపర్‌తో కొలిచి చూశాం. కొత్తది ఒక మిల్లీమీటరు వెడల్పు, నిశ్చింత. మూడోది వాయువు బయటికి పోయే నోరు. అది బండి అడుగు ప్లాస్టిక్‌లోని రంధ్రానికి సూటిగా ఉండాలి.

ఆ మూడోదే ఇక్కడ కొంచెం ఇబ్బంది పెట్టింది. నోరు రంధ్రం మధ్యలో కాకుండా వెనక అంచుకు జరిగి కూర్చుంది. ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి, నిలబెట్టినప్పుడు ఉన్న సందు పరుగులో ఉండదు. సైలెన్సర్‌ను పట్టే బ్రాకెట్ రంధ్రాన్ని కోలగా ఆకురాయితో రాకి ముందుకు జరిపాం. చుట్టూ వేలు దూరేంత సందు దొరికింది. దగ్గరి ప్యానెల్‌కు వేడిని తిప్పికొట్టే పట్టీ అతికించి, భారంగా నడిపించి తెచ్చాక ప్లాస్టిక్‌ను దీపం పెట్టి పరిశీలించాం. వేడి తగిలిన ప్లాస్టిక్ కరగక ముందు నిగనిగలాడుతుంది. అలాంటి మెరుపు ఎక్కడా లేదు.

పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం కూడా చూశాం. బెల్టు క్లచ్ ఉన్న బండిలో ఇంజను ఏ ఆర్‌పీఎంలో నిలుస్తుందో ముఖ్యంగా క్లచ్‌లోని ఫ్లైవెయిట్ల (క్లచ్‌తో పాటు తిరిగే చిన్న లోహపు ముక్కల) బరువు నిర్ణయిస్తుంది. ఇంజను శక్తి తగ్గితే ఆర్‌పీఎం పడుతుంది. రేసింగ్ డబ్బాతో చూపినదానికంటే ఇప్పుడు సుమారు 50 ఆర్‌పీఎం తక్కువ, ఇంజను గరిష్ఠ శక్తి ఇచ్చే పరిధిలోనే ఉంది. ఫ్లైవెయిట్లను ముట్టుకోలేదు. పాత డబ్బా వల్ల ఎంతో శక్తి వచ్చేదని నమ్మేవాళ్లకు ఆ 50 అంకెను చూపిస్తుంటాను.

ఫోమ్, కొత్త జాయింటు, కొత్త సైలెన్సర్ అన్నీ ఉన్న బండి చివరి కొలత ఏ 85, సీ 95. వచ్చినప్పుడు 95, 104. యజమాని అదే వారం రైతు పొలం అంచున రాత్రిపూట నడిపి, ఆ తర్వాత క్లబ్బు తరఫున ఒకరిని పంపి అడిగించారు. బండి వెళ్లిందని తెలిసింది గానీ కిటికీ అదరలేదన్నాడట. దారి తెరిచే ఉంది. సీజను అయ్యాక సర్వీసుకు తెచ్చినప్పుడు జాయింటు దగ్గర నల్ల చార లేదు, స్ప్రింగులు బిగువుగానే ఉన్నాయి, కొలత అర డెసిబెల్ పెరిగింది. మూడో గదిలోని పలుచటి ప్యాకింగ్ పొర ఆ అర డెసిబెల్‌కు కారణమై ఉంటుంది. అది పూర్తిగా పాడైనా ముందున్న రెండు గదులు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి, ఇంకో రెండు సీజన్ల దాకా తెరవనక్కర్లేదని రాసి ఇచ్చాం. స్ప్రింగులు మాత్రం ప్రతి సీజను మొదట్లో చేత్తో లాగి చూసుకోమన్నాం.